జేబులో స్పార్క్ ప్లగ్

కల్వర్టు గొట్టంలోంచి రెండు బూట్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

ఆన్సెల్ బ్రేకు గట్టిగా తొక్కాడు. వెనక చక్రం కంకరలో జారి మోటార్‌సైకిల్ అడ్డం తిరిగి ఆగింది. రోడ్డు పక్కన ఇంకో మోటార్‌సైకిల్ నిలబెట్టి ఉంది. మనిషి జాడ లేదు. బూట్లు మాత్రం ఉన్నాయి. కదలడం లేదు.

బండి ఎలా దిగాడో, గట్టు ఎలా దూకాడో తెలీదు. రెండు బూట్లూ పట్టుకుని బలంకొద్దీ లాగాడు.

"అమ్మో! ఎవర్రా అది? వదులు!"

బూట్లలో ఒకటి అతని డొక్కలో తన్నింది. గొట్టంలోంచి జర్రున జారి బయటపడింది ఒకమ్మాయి. ముక్కు మీద బురద, రాగి రంగు జడలో ఎండుటాకు, చేతిలో ఆకుపచ్చ ఇనప పెట్టె.

"మీరు... బతికే ఉన్నారా?"

"ఇప్పటిదాకా ఉన్నాను. మీరు లాగిన లాగుడికి మోకాలి చిప్ప ఒకటి లోపలే ఉండిపోయింది."

"యాక్సిడెంట్ అనుకున్నానండీ."

"యాక్సిడెంట్ అయినవాళ్లని కాళ్లు పట్టి ఈడుస్తారా? మీ వైపు అంబులెన్స్‌కి బదులు ట్రాక్టర్ వస్తుందా?"

అంతలో ఆన్సెల్ వెనక కిర్రుమని చప్పుడైంది. హడావిడిలో సగమే వేసిన స్టాండు మెత్తటి కంకరలో దిగబడింది. అతని బండి తీరిగ్గా, పడుకోబోయే ఆవులా ఓ పక్కకి ఒరిగి పడిపోయింది.

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి కంచె అవతల మేస్తున్న ఆవులు కూడా తలెత్తి చూశాయి. విస్కాన్సిన్ కొండల్లో ఇరవై ఆరేళ్లుగా తిరుగుతున్నాడు ఆన్సెల్. సెప్టెంబరు నెలాఖరు ఎండ ఇంత బాగుంటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

ఇద్దరూ కలిసి బండి లేపారు. ఆమె జేబులోంచి అణగ్గొట్టిన డబ్బా మూత తీసి అతని స్టాండు కింద పెట్టింది. "ఇది ఉంచుకోండి. కంకరలో బండి పెట్టేవాడి దగ్గర ఇలాంటిది ఒకటుండాలి. నా పేరు బ్రిటా."

"ఆన్సెల్."

"ఈ పెట్టె చూసి పోలీసులకి ఫోన్ చేయకండి. బాంబు కాదు. ఇదో ఆట. డబ్బా వేట. జనం ఇలాంటివి దాచిపెట్టి, ఎక్కడుందో చెప్పే అంకెలు వెబ్‌సైట్‌లో పెడతారు. మనం జీపీఎస్ పట్టుకుని వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, ఎక్కడిది అక్కడ పెట్టేయాలి. అంతే. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది."

ఆన్సెల్ ఇప్పటికి పద్నాలుగు వందల డబ్బాలు వెతికి పట్టినవాడు. సరిగ్గా ఈ పెట్టెని పదకొండు నెలల కిందట ఇదే గొట్టంలోంచి తీసినవాడు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు.

ఈలోగా బ్రిటా పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి పళ్లు కొరికింది.

"ఇదిగో! దొంగ వెధవ! 'పాలపన్ను'! పక్కన పన్ను బొమ్మ కూడా గీశాడు చూడండి, సిగ్గులేకుండా."

ఆన్సెల్ నోరు మూసుకున్నాడు. ఆటలో ఎవరూ సొంత పేరు రాయరు. తలా ఒక మారుపేరు ఉంటుంది. పాలపన్ను అంటే అతనే.

"ఏం... ఏం చేశాడు వాడు?"

"మా తాతయ్య ప్రాణం జేబులో వేసుకుపోయాడు."

ఆమె చెప్పింది. ఎల్డన్ తాతయ్య నలభై ఏళ్లు పాల ట్యాంకర్ నడిపాడు. కౌంటీ పొలిమేర దాటింది లేదు. రిటైరయ్యాక ఒక పంతం పట్టాడు. తన పాత మోటార్‌సైకిల్ స్పార్క్ ప్లగ్ ఊడదీసి, దానికి నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించి, ఒక డబ్బాలో వదిలాడు. ఆటలో అదొక ఆచారం. బిళ్ళ దొరికినవాడు దాన్ని తీసుకెళ్లి వేరే డబ్బాలో పెడతాడు. అక్కడినుంచి ఇంకొకడు తీసుకెళతాడు. రెండు వారాలకు మించి ఎవరి దగ్గరా ఉండకూడదు. నేను తిరగని భూమిని నా ప్లగ్గు చుట్టి రావాలి, అప్పుడే నా బండి స్టార్ట్ చేస్తానన్నాడు తాతయ్య.

"కొత్త ప్లగ్గు పది నిమిషాల్లో దొరుకుతుంది కదండీ?"

"ఆ మాట మా నాయనమ్మ అన్నందుకే మూడు రోజులు మాట్లాడలేదు ఆయన." బ్రిటా నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది. "జర్మనీ వెళ్లింది. పోర్చుగల్ వెళ్లింది. అలాస్కా వెళ్లింది. అక్కడినుంచి ఎవరో పుణ్యాత్ముడు మళ్లీ ఇక్కడికి, మా ఇంటికి పద్నాలుగు మైళ్ల దూరానికి తెచ్చి, ఈ పెట్టెలో పెట్టాడు. మరుసటి రోజు వద్దామనుకున్నాం. ఆ సాయంత్రమే పాలపన్ను తీసుకుపోయాడు. పదకొండు నెలలు! ఏడు ఉత్తరాలు రాశా వాడికి. మొదటిది మర్యాదగానే రాశా. ఏడోది చదివుంటే వాడి కంప్యూటర్ సిగ్గుతో ఆరిపోయుండాలి."

ఆరిపోలేదు. ఏడో ఉత్తరం ఆన్సెల్‌కి కంఠతా వచ్చు. 'నీ హెల్మెట్ పేడగుంటలో ముంచి నీ నెత్తిన పెడతాను' అని ముగుస్తుంది.

ఆ స్పార్క్ ప్లగ్ ఆ క్షణాన అతని తోలు జాకెట్ లోపలి జేబులో ఉంది. అతను దొంగ కాదు. ముందు మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి నెలన్నర దాటింది. ఉత్తరం రాగానే సిగ్గేసింది. జవాబు రేపు రాద్దామనుకున్నాడు. రేపటికి సిగ్గు రెట్టింపైంది. అలా సిగ్గు పెరిగీ పెరిగీ, ఇప్పుడు జేబులో ఇనుములా పక్కటెముకని పొడుస్తోంది.

"ఇవాళ తాతయ్యకి ఎనభై నిండుతాయి," అంది బ్రిటా. "నాలుగింటికి విందు. ప్లగ్గు తెస్తానని మాటిచ్చేశా. ఆ రోజు పాలపన్ను ఈ రోడ్డు మీద ఆరు డబ్బాలు తీశాడు. దేంట్లోనో పడేసి, రాయడం మరిచిపోయాడేమోనని నా ఆశ. ఇది మొదటిది. ఇంకా ఐదున్నాయి."

ఆన్సెల్ బుర్రలో దీపం వెలిగింది. మిగతా ఐదింటిలో ఏదో ఒకదాంట్లో గుట్టుగా ప్లగ్గు పడేస్తే? ఆమెకి దొరుకుతుంది. తాతయ్యకి పండగ. పాలపన్ను పీడ విరగడ.

"నేనూ రావచ్చా? నాకు ఈ ఆట కొత్త. నేర్చుకుంటాను."

బ్రిటా అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "రా. కానీ నా కాళ్ల జోలికి రాకూడదు."

*

రెండు బండ్లూ కొండ చుట్టూ మెలికలు తిరిగాయి. ఎండిన మొక్కజొన్న చేలు, ఎర్ర కొట్టాలు. మలుపు మలుపుకీ ముందు బండి మీద రాగి జడ ఎగిరిపడుతోంది. దాన్నే చూస్తూ ఆన్సెల్ రెండుసార్లు గుంటలో పడబోయాడు.

రెండో డబ్బా ఒక వంతెన రెయిలింగ్ కింద అయస్కాంతంతో అతుక్కుని ఉంది. బొటనవేలంత గొట్టం. అందులో ప్లగ్గు కాదు కదా, దాని నీడ కూడా పట్టదు. లోపల కాగితం చుట్ట ఇరుక్కుపోయింది. బ్రిటా గోళ్లతో లాగుతూ విసుక్కుంటోంది.

ఆన్సెల్ ఆలోచించకుండా తాళంచెవుల గుత్తికున్న చిన్న పట్టకారు తీసి, కాగితం సుతారంగా లాగి విప్పాడు.

బ్రిటా కనుబొమ్మలు పైకి లేచాయి. "కొత్త అన్నావ్. పట్టకారు జేబులో పెట్టుకు తిరుగుతావా?"

"కనుబొమ్మలకి," అన్నాడు ఆన్సెల్.

బ్రిటా అతని కనుబొమ్మలు చూసింది. అవి కలుపు తీయని చేలలా ఉన్నాయి. "ఇంకా మొదలెట్టినట్టు లేవే," అంది.

కాగితం మీద మళ్లీ పన్ను బొమ్మ. మళ్లీ తిట్లు. ఈసారి పాలపన్ను ముత్తాత దాకా వెళ్లాయి. ఆన్సెల్ తన ముత్తాతకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

మూడోది చీజ్ ఫ్యాక్టరీ ముందు. బండ్లు ఆపగానే వాన మొదలైంది. ఎండ ఎండలాగే ఉంది, దాని మధ్యలోంచే చినుకులు. బ్రిటా ముక్కు మీది బురద కరిగి చారికలుగా జారుతోంది. తుడుద్దామని ఆన్సెల్ చెయ్యి లేచింది. సగం దారిలో భయపడి తన చెవి గోక్కుని వెనక్కొచ్చింది.

"జీపీఎస్ ఇక్కడే తిరుగుతోంది," అంది బ్రిటా చుట్టూ చూస్తూ. "ఎక్కడ దాచుంటారు చెప్మా?"

ఆన్సెల్ అలవాటుగా దీపస్తంభం దగ్గరికి నడిచి, దాని మొదట్లో బోల్టుల మీద కప్పిన రేకు తొడుగు పైకెత్తాడు. కింద డబ్బా.

బ్రిటా డబ్బాని చూసి, అతన్ని చూసింది.

"ఎలా తెలిసింది?"

"కాలు తగిలి... లేచింది."

"ఓహో."

ఆ 'ఓహో' అతనికి నచ్చలేదు. డబ్బాలో ప్లగ్గు పడేద్దామంటే ఆమె చూపు అతని చేతుల మీదే ఉంది. అంతలో ఫ్యాక్టరీ తలుపు తీసుకుని కౌంటర్ దగ్గరుండే పెద్దావిడ కేకేసింది. "ఆన్సెల్! ఇవాళ నీ పాల ట్యాంకర్‌కి సెలవు కదరా! వానలో ఏం చేస్తున్నావ్? అమ్మాయిని లోపలికి తీసుకురా!"

వేడివేడి కాఫీ, అప్పుడే తీసిన చీజ్ ముక్కలు. తాజా చీజ్ పళ్ల కింద కిచకిచలాడుతుంది. ఇద్దరి నోళ్లూ పిచ్చుక గూళ్లలా ఉన్నాయి.

"అయితే నువ్వూ పాల ట్యాంకరే," అంది బ్రిటా నములుతూ. "మా తాతయ్యకి నచ్చుతావ్."

"మీ తాతయ్యకేనా?"

కిచకిచ ఆగింది. బ్రిటా కిటికీ వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. "వాన తగ్గింది, పద," అంది. అసలు తగ్గనే లేదు.

*

నాలుగోది పాడుబడ్డ పశుగ్రాసం గోపురంలో. పెద్ద పెట్టె. దేవుడు కరుణించాడనుకున్నాడు ఆన్సెల్. బ్రిటా గ్లవ్స్ విప్పేలోపు ముందు పరిగెత్తి, మూత తీసి, ప్లగ్గు లోపల పెట్టి, మూత వేసి, అమాయకంగా ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

బ్రిటా వచ్చింది. పెట్టె తెరిచింది. చాలాసేపు లోపలికి చూసింది. మూత వేసింది.

"లేదు," అంది.

"లేదా?"

"లేదు."

"బాగా... చూశావా? అడుగున?"

"ఏం, అడుగున ఉందా?"

ఉందంటే తను దొరికిపోతాడు. లేదంటే ప్లగ్గు ఇక్కడే ఉండిపోతుంది. పద పద, టైమవుతోందంటూ బ్రిటా బండెక్కేసింది.

"ఒక్క నిమిషం! గ్లవ్స్ మరిచిపోయా!"

"నీ చేతులకే ఉన్నాయి."

"హెల్మెట్!"

"నెత్తిన ఉంది."

"...ప్రకృతి పిలుస్తోంది!" అని అరుస్తూ వెనక్కి పరిగెత్తాడు. ప్లగ్గు మళ్లీ జేబులోకి చేరింది. ఇంతకన్నా పేడగుంటే నయమనిపించింది.

ఐదో డబ్బా దగ్గర అతను ప్లగ్గు బయటికి తీయనేలేదు. బ్రిటా పుస్తకం తెరిచి, పన్ను బొమ్మ మీద వేలు పెట్టింది. ఈసారి తిట్టలేదు.

"మొన్న రాత్రి తాతయ్య ఏమన్నాడో తెలుసా?" అంది మెల్లగా. "భూమంతా తిరక్కపోయినా ఫరవాలేదే, నేను పోయేలోపు ఇంటికొస్తే చాలు అన్నాడు. ఎప్పుడూ అలా మాట్లాడడు. ఆయన మొండివాడు. మొండివాళ్లు తగ్గి మాట్లాడితే భయమేస్తుంది నాకు."

ఆన్సెల్ డబ్బా మూత వేసి, ఎక్కడిది అక్కడ పెట్టాడు.

ఆరోది మట్టిదారి చివర, ఒక పొలం గేటు పక్కన. ఉత్తరాల పెట్టెలా కనిపించే ఉత్తుత్తి పెట్టె. గేటు లోపల రంగు కాగితాలు, బల్లలు, జనం, కాల్చిన సాసేజ్‌ల వాసన. టైము నాలుగుకి పది నిమిషాలు.

"ఇది మా తాతయ్య డబ్బానే," అంది బ్రిటా. "ఆ వెధవ ఆ రోజు మా గేటు దాకా వచ్చాడు! ప్లగ్గు జేబులో పెట్టుకుని, ఇదే చోట నిలబడి సంతకం పెట్టి, వెళ్లిపోయాడు! ఇందులో కూడా లేకపోతే లోపలికెళ్లి తాతయ్యకి లేదని చెప్పాలి. తెరువు. నాకు ధైర్యం లేదు."

ఆమె వెనక్కి తిరిగి, కళ్లు మూసుకుంది.

పెట్టెకీ అతనికీ మధ్య మూరెడు దూరం. ఆమె చూడటం లేదు. జేబులోంచి పెట్టెలోకి వేయడానికి రెండు సెకన్లు చాలు. ఉదయం నుంచి అతను ఎదురుచూసిన రెండు సెకన్లు అవే.

"బ్రిటా," అన్నాడు. "ఇటు తిరుగు."

ఆమె తిరిగింది. అతని అరచేతిలో స్పార్క్ ప్లగ్ ఉంది. ఇత్తడి బిళ్ళ ఎండకి మెరిసింది.

"పాలపన్ను నేనే. ముందు మరిచిపోయాను, తర్వాత సిగ్గుపడ్డాను. పొద్దున నీకు చెబుదామనుకున్నా. నువ్వు నవ్వావు. ఆ నవ్వు మళ్లీ చూడలేనేమోనని భయపడ్డాను. పేడగుంట ఎటో చూపించు, హెల్మెట్ నేనే ముంచుకుంటా."

బ్రిటా అతన్ని చూసింది. ప్లగ్గుని చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గోపురం దగ్గరే చెప్తావనుకున్నా."

"ఏంటీ?"

"పెట్టె తెరవగానే నా మొహంలోకే చూస్తోంది కదా ప్లగ్గు! కనుబొమ్మలకి పట్టకారన్నప్పుడే అనుమానమొచ్చింది. దీపస్తంభం దగ్గర రూఢి అయింది."

"మరి లేదన్నావే!"

"దొరికిందంటే నువ్వు చేయి ఊపి వెళ్లిపోయేవాడివి. నాకు ప్లగ్గు దొరికేది, నువ్వు అబద్ధంగా మిగిలిపోయేవాడివి." ఆమె నడుం మీది చేతులు దించింది. "అలా మిగలకూడదనుకున్నా. నువ్వు దాన్ని అక్కడే వదిలేస్తావేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నా. ప్రకృతి పిలిచాక గానీ ఊపిరి పీల్చుకోలేదు."

"ఎవరే అక్కడ? గేటు బయటే విందు చేసుకుంటున్నారా?" పొడుగాటి ముసలాయన చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"తాతయ్యా, పాలపన్ను దొరికాడు," అంది బ్రిటా.

ఎల్డన్ తాతయ్య ప్లగ్గు తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చూశాడు. బిళ్ళ మీది నంబరు బొటనవేలితో తడిమాడు. ఆన్సెల్ తలొంచుకున్నాడు.

"పదకొండు నెలలు ఎక్కడుంచావు దీన్ని?"

"ఈ జాకెట్ జేబులో సార్. చలికాలం ఒంటిమీద, ఎండాకాలం ట్యాంకర్ కొక్కేనికి."

"ట్యాంకరా? ఏం ట్యాంకరు?"

"పాల ట్యాంకర్ సార్. కొండకి అవతలి వైపు."

ముసలాయన కళ్లు చిన్నవయ్యాయి. "రోజుకెన్ని మైళ్లు?"

"యాభై."

"వారానికి?"

"ఐదు రోజులు. పదకొండు నెలల్లో నలభై ఎనిమిది వారాలు, ఒక్క రోజు నాగా పెట్టలేదు సార్."

తాతయ్య కర్రతో మట్టిలో అంకెలు గీయడం మొదలుపెట్టాడు. విందుకొచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. "పన్నెండు వేలు. అలాస్కా నుంచి ఇక్కడికొచ్చేసరికి వెబ్‌సైట్‌లో మొత్తం ఎన్ని మైళ్లే బ్రిటా?"

"పదమూడు వేల వంద. కానీ తాతయ్యా, రూల్ ప్రకారం డబ్బాలో నుంచి డబ్బాలోకి వెళితేనే..."

"రూలు వెబ్‌సైట్‌ది. ప్లగ్గు నాది." కర్ర ఆగింది. "ఇరవై ఐదు వేల వంద. భూమి చుట్టూ ఎంత?"

"ఇరవై నాలుగు వేల తొమ్మిది వందలు," అంది బ్రిటా.

"రెండొందల మైళ్లు ఎక్కువే తిరిగింది!" ముసలాయన ఆన్సెల్ వీపు మీద ఒక్కటి చరిచాడు. "సగం భూమి విమానాల్లో, సగం పాల ట్యాంకర్లో! నేను నలభై ఏళ్లు నడిపినప్పుడు ఈ లెక్క తట్టలేదే! ఈ లెక్కన నేను భూమిని ఎన్నిసార్లు చుట్టానో! ఏయ్, కొట్టం తలుపు తీయండి!"

పాత బండిని బయటికి తోశారు. ఆన్సెల్ మోకాళ్ల మీద కూర్చుని ప్లగ్గు బిగించాడు. తాతయ్య కిక్ కొట్టాడు. ఏమీ లేదు. రెండోసారి ఒక దగ్గు. నాయనమ్మ, "కొత్తది కొనమంటే విన్నాడా," అంది. మూడోసారి బండి భళ్లున పేలి, నీలం పొగ కక్కి, కోళ్లన్నిటినీ పొలం మీదికి తరిమి, గడగడలాడుతూ నిలబడింది. జనం కేరింతలు కొట్టారు.

"ఎక్కవే," అన్నాడు తాతయ్య నాయనమ్మతో. ఆవిడ చేతిలోని కేక్ కత్తి పక్కవాళ్లకిచ్చి, పద్దెనిమిదేళ్ల పిల్లలా వెనక ఎక్కి కూర్చుంది. ఇద్దరూ మట్టిదారిన సాగిపోయారు.

గేటు దగ్గర బ్రిటా, ఆన్సెల్ మిగిలారు. ఇంకా ఎక్కడినుంచో నాలుగు చినుకులు రాలుతున్నాయి. ఆమె ముక్కు మీద బురద చారిక అలాగే ఉంది. ఈసారి అతని చెయ్యి సగం దారిలో ఆగలేదు.

"పేడగుంట సంగతేంటి?" అన్నాడు తుడుస్తూ.

"శిక్ష వేరే ఉంది." బ్రిటా జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసింది. ప్లగ్గు బిగించే ముందు దాన్ని ఊడదీసి ఇచ్చింది అతనే. ఆమె దాన్ని మళ్లీ అతని జాకెట్ లోపలి జేబులో వేసి, పైనుంచి అరచేత్తో ఒకసారి తట్టింది. ఆ అరచేతి కింద అతని గుండె పాత బండికన్నా గట్టిగా కొట్టుకుంటోంది.

"రూల్ గుర్తుందా? రెండు వారాలకు మించి నీ దగ్గర ఉండకూడదు."

"మరి ఎక్కడ పెట్టాలి?"

"తెచ్చి నా చేతిలో పెట్టాలి. నేను మళ్లీ నీకిస్తాను. నువ్వు మళ్లీ తేవాలి."

ఆన్సెల్ కాసేపు లెక్క వేసుకున్నాడు. అతనుండే ఊరికీ ఈ గేటుకీ ఇరవై రెండు మైళ్లు.

"అలా అయితే భూమి చుట్టి రావడానికి చాలా ఏళ్లు పడుతుందే," అన్నాడు.

"పట్టనీ," అంది బ్రిటా.